కార్జపు జలగ: నట్టల మందు తాగించినా బర్రె ఎందుకు కోలుకోదు?

బర్రె మేత తింటూనే ఉంటుంది, కానీ ఒళ్లు పట్టదు. పాలు వారం వారం కొంచెం కొంచెంగా తగ్గుతాయి. వెంట్రుకలు నిగనిగ పోయి గరుకుగా లేస్తాయి. కొన్నాళ్లకు దవడ కింద మెత్తగా నీటి సంచి వేలాడటం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు మెడికల్ షాపుకు పోయి ‘నట్టల మందు’ అడిగి తెస్తారు, తాగిస్తారు. నెల గడిచినా మార్పు ఉండదు. మందు నకిలీదేమో అనుకుని ఇంకో కంపెనీది తెస్తారు.

చాలాసార్లు ఆ మందు నకిలీది కాదు. అది చంపే పురుగు వేరు, బర్రె కార్జంలో కూర్చున్న పురుగు వేరు, అంతే. ఒకవేళ సరైన మందే దొరికినా, మర్నాడు అదే నీటి ఒడ్డు నుంచి అదే గడ్డి కోసుకొచ్చి వేస్తే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. ఉప్పల్, నాచారం వైపు నాలుగైదు బర్రెల మీద ఇల్లు గడుపుకునే కుటుంబాలకు ఈ రెండు విషయాలూ తెలిసి ఉండాలి. బక్రీద్ నాడు కలేజీ కోసినప్పుడు లోపల ఆకుల్లాంటి పురుగులు చూసి ఏం చేయాలో తోచని కుటుంబాలకూ ఇది పనికొచ్చే సంగతే.

జలగ అంటారు గానీ ఇది ఆ జలగ కాదు

చెరువులో దిగితే కాలికి పట్టుకునే జలగకూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. కార్జపు జలగ బల్లపరుపుగా, ఆకు ఆకారంలో ఉండే పరాన్నజీవి. మన దగ్గర పశువుల్లో ఎక్కువగా కనిపించేది ‘ఫాసియోలా జైగాంటికా’ అనే రకం. రెండున్నర సెంటీమీటర్ల నుంచి ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 1855లో కాబోల్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించింది ఒక జిరాఫీ కార్జంలో చూసి. చల్లటి దేశాల్లో దీని దగ్గరి చుట్టం ‘ఫాసియోలా హెపాటికా’ ఎక్కువ. ఆవులు, బర్రెలు, మేకలు, గొర్రెలు అన్నింటికీ ఇవి సోకుతాయి.

ఇదే కుటుంబంలో ఇంకో రెండు రకాలను కూడా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి పొట్ట జలగ. గోధుమగింజ కంటే కాస్త పెద్దగా, ఉబ్బెత్తుగా, గులాబీ రంగులో ఉండి పెద్ద పొట్ట లోపలి గోడకు అతుక్కుంటుంది. పెద్దవైన జలగల వల్ల హాని తక్కువే. పిల్ల జలగలు మాత్రం చిన్నపేగు మొదట్లో చేరి అక్కడి పొరను తినేస్తాయి. లేగదూడలకు ఆగకుండా, దుర్వాసనతో పారేది వీటివల్లే. రెండోది రక్తపు జలగ. ఇది రక్తనాళాల్లోనే బతుకుతుంది. దీనిలో ఒక రకం ఆవుల ముక్కు లోపలి నాళాల్లో చేరి, గోబీపువ్వు లాంటి గడ్డలు పుట్టిస్తుంది. ఆవు గురక పెడుతున్నట్టు ఊపిరి తీస్తుంది. 1933లో ఈ రకానికి శాస్త్రీయ నామం ఇచ్చింది రావు అనే భారతీయ పశువైద్య శాస్త్రవేత్తే.

మూడింటికీ ఉమ్మడి విషయం ఒకటుంది. నీటి నత్త లేకుండా వీటిలో ఏదీ బతకలేదు.

పెండ నుంచి నత్తకు, నత్త నుంచి గడ్డికి

1879–80 చలికాలంలో ఇంగ్లండ్‌లో ఈ జబ్బుతో లక్షల సంఖ్యలో గొర్రెలు చచ్చిపోయాయి. ఆ నష్టం తర్వాతే కారణం వెతకడం గట్టిగా మొదలైంది. 1880ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో థామస్, జర్మనీలో లాయ్‌కార్ట్ విడివిడిగా పనిచేసి, జలగ బతుకంతా నత్త మీద ఆధారపడి ఉందని తేల్చారు. వాళ్లు చెప్పిన దారి ఇది.

కార్జంలోని పిత్తనాళాల్లో పెద్ద జలగలు ఉంటాయి. రోజూ వేల గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పిత్తంతో పాటు పేగులోకి, అక్కడి నుంచి పెండలోకి వస్తాయి. పెండ పొడినేల మీద ఎండిపోతే గుడ్డు కథ అక్కడితో ముగుస్తుంది. నీళ్లలో కలిస్తే మాత్రం రెండు మూడు వారాల్లో పొదిగి, కంటికి కనపడని పిల్ల బయటికొస్తుంది. దానికి ఉండే గడువు దాదాపు ఒక్క రోజు. ఆలోపు తగిన నత్త దొరకాలి, లేకపోతే చచ్చిపోతుంది.

నత్త దొరికితే దాని ఒంట్లోకి చొరబడి, ఒకటి కాస్తా వందలవుతుంది. ఐదు నుంచి ఎనిమిది వారాల తర్వాత తోకలున్న చిన్న పిల్లలుగా నీటిలోకి వస్తాయి. ఈదుకుంటూ పోయి నీటి అంచున ఉన్న గడ్డి కాడలకు అతుక్కుని, తోక వదిలేసి, చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటాయి. ఇసుకరేణువంత ఉండే ఆ బుడిపెలు తడి ఉన్నంతకాలం వారాలు, నెలలు బతుకుతాయి. నీళ్లతో కడిగినా గడ్డిని వదలవు.

బర్రె ఆ గడ్డి తింటే పెంకు పేగులో విప్పుకుంటుంది. పిల్ల జలగ పేగు గోడను చీల్చుకుని కడుపులోకి, అక్కడి నుంచి కార్జంలోకి దూరుతుంది. కార్జాన్ని తొలుచుకుంటూ వారాలకొద్దీ తిరిగి, చివరికి పిత్తనాళంలో స్థిరపడుతుంది. నోట్లోకి వెళ్లినప్పటి నుంచి గుడ్లు పెట్టే దాకా మూడు నెలల పైమాటే.

ఈ లెక్క రైతుకు చాలా ముఖ్యం. గుడ్డు, నత్త, గడ్డి, కార్జం అన్ని దశలూ కలిపితే ఐదు నెలలు దాటుతుంది. జూన్‌లో వానలు పడితే, ఆగస్టు, సెప్టెంబరులో గడ్డి మీద బుడిపెలు పెరుగుతాయి, డిసెంబరు, జనవరిలో బర్రె చిక్కుతుంది. అప్పుడు దాణా మార్చడమో, దిష్టి తగిలిందనుకోవడమో జరుగుతుంది. అసలు కారణం వానాకాలంలో కోసుకొచ్చిన గడ్డి.

ఉప్పల్, నాచారంలో ప్రమాదం ఎక్కడుంది?

ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాలు నగరంలో కలిసిపోయాయి. ఒక పక్క నాచారం పారిశ్రామికవాడ, ఇంకో పక్క 2017లో మొదలైన మెట్రో. అయినా గల్లీల లోపల తబేలాలు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. వాటికి సొంత పొలాలు లేవు. పచ్చిమేత కొనాలి, లేదా చెరువు గట్ల నుంచి, నాలా పక్కల నుంచి కోసుకురావాలి.

ఆ మేతలో పెద్ద భాగం పారాగడ్డి. నీళ్లు నిలిచిన చోట కూడా ఏపుగా పెరుగుతుంది, కోసిన కొద్దీ మళ్లీ వస్తుంది. మూసీ నది అంబర్‌పేట, నాగోలు దాటి ఉప్పల్ భగాయత్, పీర్జాదిగూడ, పర్వతాపూర్, ప్రతాపసింగారం వైపు సాగే దారిలో ఈ గడ్డి సాగు దశాబ్దాలుగా ఉంది. 2000ల తొలి ఏళ్లలో అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు మూసీ వెంట మురుగునీటి సేద్యాన్ని అధ్యయనం చేసినప్పుడు, పారాగడ్డి అక్కడి ముఖ్యమైన పంటల్లో ఒకటని, నగరంలోని పాడిపశువులకు అది ప్రధాన మేతని చెప్పారు. ప్లాట్లు, రోడ్లు వచ్చి ఆ భూములు తగ్గాయి గానీ గడ్డి మోపులు ఇంకా వస్తూనే ఉన్నాయి.

నది ఒక్కటే కాదు. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువులు, నాచారం పెద్దచెరువు, పటేల్ కుంట లాంటి నీటి వనరులన్నింటికీ ఒడ్డున గడ్డి ఉంటుంది, పైన గుర్రపుడెక్క తేలుతుంటుంది. నెమ్మదిగా కదిలే నీరు, నీటి మొక్కలు, చల్లటి బురద ఉన్నచోట నత్తలు బాగా పెరుగుతాయి. కార్జపు జలగను మోసే లిమ్నియా జాతి నత్తకు కొంచెం శుభ్రమైన నీరు కావాలి. రక్తపు జలగను, కొన్ని పొట్ట జలగలను మోసే ఇండోప్లానార్బిస్ అనే చుట్టలాంటి నత్త మాత్రం మురికినీటిని కూడా బాగానే తట్టుకుంటుంది. అందుకే ‘ఇది మురుగునీరు, ఇందులో ఏ పురుగూ బతకదు’ అనే ధీమా పనికిరాదు.

ఇక చక్రం పూర్తయ్యేది తబేలా దగ్గరే. పొద్దున్నే పైపు పెట్టి షెడ్డు కడుగుతారు. పెండ నీళ్లు మోరీలోకి, మోరీ నుంచి నాలాలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతాయి. నల్లచెరువు దగ్గర రోజుకు 3 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టిన మురుగుశుద్ధి కేంద్రం ఉంది. కానీ ఆ పైపులైనులోకి చేరకుండా నేరుగా కుంటలోకి జారే పెండను ఏ కేంద్రమూ ఆపలేదు. మన బర్రె పెండలోని గుడ్లే నత్తను చేరి, గడ్డి మోపులో ఎక్కి తిరిగి మన గాటికే వస్తాయి.

ఎలా గుర్తుపట్టాలి?

పాత జబ్బులో లక్షణాలు నెమ్మదిగా వస్తాయి. పాలు తగ్గడం, చిక్కిపోవడం, కంటి కింది రెప్ప తిప్పి చూస్తే ఎరుపు పోయి తెల్లబడటం, ఒకసారి పలచగా ఒకసారి గట్టిగా పెండ వేయడం, ఎదకు సరిగా రాకపోవడం, చివరికి దవడ కింద నీరు దిగడం. ఒక్కో పెద్ద జలగ రోజుకు అర మిల్లీలీటరు దాకా రక్తాన్ని నష్టపరచగలదు. వంద జలగలు ఉంటే ఆ లెక్క ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. మేకలు, గొర్రెల్లో పరిస్థితి ఇంకా తీవ్రం. ఒక్కసారిగా చాలా పిల్ల జలగలు కార్జాన్ని తొలిస్తే లక్షణాలు కనపడక ముందే ప్రాణం పోవచ్చు.

అయితే ఈ లక్షణాలన్నీ జలగల వల్లే రావాలని లేదు. గోమార్లు, మామూలు నట్టలు, మేత లోపం వల్ల కూడా బర్రె చిక్కుతుంది. అందుకే మందుకు ముందు పెండ పరీక్ష. తాజా పెండను అక్రోటుకాయంత తీసి శుభ్రమైన డబ్బాలో పెట్టి, అదే రోజు పశువైద్యశాలకు ఇవ్వాలి. ఇవ్వడంతో పాటు ‘జలగ గుడ్లు కూడా చూడండి’ అని చెప్పడం మంచిది. మామూలు నట్టల గుడ్లు తేలికవి, ఉప్పునీటిలో పైకి తేలతాయి. జలగ గుడ్లు బరువు, అడుక్కి దిగుతాయి. తేల్చే పద్ధతిలో మాత్రమే చూస్తే ‘ఏమీ లేవు’ అని రాసి ఇవ్వొచ్చు. అడుగున చేరిన మడ్డిని సూక్ష్మదర్శినిలో చూస్తేనే ఇవి బయటపడతాయి. కార్జపు జలగ గుడ్డు పసుపు రంగులో, పొట్ట జలగ గుడ్డు దాదాపు రంగు లేకుండా ఉంటుంది.

ఇంకో మాట. కార్జపు జలగ సోకిన మొదటి మూడు నెలలు పెండలో గుడ్లు రావు. లక్షణాలుండి గుడ్లు కనపడకపోతే పరీక్ష మళ్లీ చేయించాలి.

ఏ మందు దేనికి?

షాపులో ‘నట్టల మందు’ అని ఇచ్చేవాటిలో ఐవర్‌మెక్టిన్ ఒకటి. గుండ్రటి నట్టలకూ గజ్జికీ గొప్ప మందు. దాన్ని కనిపెట్టినవారికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ జలగల మీద అది పని చేయదు. ఫెన్‌బెండజోల్ పరిస్థితీ మామూలు మోతాదులో అంతే. కార్జపు జలగ ఉన్న బర్రెకు ఇవి ఎన్నిసార్లు తాగించినా లాభం లేదు.

జలగలకు వాడే ముఖ్యమైన మందులు ఇవి. ఆక్సిక్లోజనైడ్: పిత్తనాళాల్లోని పెద్ద కార్జపు జలగలను చంపుతుంది, పొట్ట జలగల మీదా పని చేస్తుంది. మన దగ్గర పాడిపశువులకు ఎక్కువగా రాసేది ఇదే. కార్జాన్ని ఇంకా తొలుస్తున్న పిల్ల జలగలను మాత్రం ఇది వదిలేస్తుంది. ట్రైక్లాబెండజోల్: పిల్లలనూ పెద్దవాటినీ చంపగలిగిన మందు, కానీ పొట్ట జలగల మీద పని చేయదు. ఆల్బెండజోల్: ఎక్కువ మోతాదులో పెద్ద కార్జపు జలగలను కొంతవరకు తగ్గిస్తుంది. చూడి కట్టిన తొలి నెలల్లో ఇది ఇవ్వొద్దు, పిండానికి ప్రమాదం. రక్తపు జలగలకు వైద్యం వేరు. అది డాక్టరు చేతుల మీదుగానే జరగాలి.

ఆక్సిక్లోజనైడ్ ఇచ్చిన తర్వాత బర్రె కోలుకుని, రెండు మూడు నెలలకు మళ్లీ చిక్కితే మందును తిట్టడం సరికాదు. అప్పుడు పిల్లలుగా ఉన్నవి ఇప్పుడు పెద్దవయ్యాయి. అందుకే జలగలున్న చోట డాక్టర్లు 8 నుంచి 12 వారాల తర్వాత రెండో విడత చెబుతారు. లేగదూడకు పొట్ట జలగల వల్ల విపరీతంగా పారుతుంటే, కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు మందు, దాంతో పాటు సెలైను అవసరమవుతాయి. అది షాపువాళ్లు చేసే పని కాదు.

కాలం, బరువు, తాగించే తీరు

హైదరాబాద్ వానలను బట్టి చూస్తే మందుకు మూడు సమయాలు కీలకం. వానలకు ముందు మే చివర ఒకసారి: బర్రెలో ఉన్న పెద్ద జలగలు చస్తే వానాకాలంలో నీళ్లలోకి గుడ్లు పోవు. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరులో ఒకసారి. చెరువులు ఎండి శిఖం భూమిలో పచ్చగడ్డి బయటపడే జనవరి, ఫిబ్రవరిలో పరీక్షను బట్టి ఇంకోసారి. ఒకే తబేలాలోని పశువులన్నింటికీ ఒకేసారి ఇవ్వాలి. ఒక్క బర్రెను వదిలేసినా దాని పెండ చాలు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. ‘పెద్ద బర్రెకు ఒక సీసా’ అనే లెక్క ప్రమాదకరం. బరువుకు టేపు చాలు: ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 72, పొడవు 55 అంగుళాలైతే బరువు దాదాపు 432 కిలోలు. ట్రైక్లాబెండజోల్ కిలోకు 12 మిల్లీగ్రాములు. అంటే ఈ బర్రెకు 5 గ్రాములకు పైనే. ఆక్సిక్లోజనైడ్ కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే 4.3 గ్రాములకు తగ్గకూడదు. సీసా మీద మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూసి డాక్టరుతో లెక్క సరిచూసుకోవాలి.

డబ్బు మిగుల్చుకుందామని సగం మందు తాగిస్తే బలమైన జలగలు బతికి, వాటి సంతానం మందుకు లొంగకుండా తయారవుతుంది. ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలు 1995లోనే ఆస్ట్రేలియాలో బయటపడ్డాయి.

తాగించేటప్పుడు తల మరీ పైకెత్తొద్దు, నాలుక లాగిపట్టొద్దు, గబగబా పోయొద్దు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే జలగ కంటే ముందు బర్రె పోతుంది.

పాలు, మాంసం గురించి జాగ్రత్త

మందు పాలలోకి, మాంసంలోకి వస్తుంది. ఎన్ని రోజులు పాలు వాడకూడదో సీసా మీద రాసి ఉంటుంది. ఆ రోజుల్లో పాలు పిల్లలకు పోయడం, వాడకంవాళ్లకు అమ్మడం రెండూ తప్పే. తెలిసీ అమ్మితే అది హలాల్ సంపాదన ఎలా అవుతుందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. ట్రైక్లాబెండజోల్‌ను చాలా దేశాల్లో పాలిచ్చే పశువులకు ఇవ్వనివ్వరు. అందుకే దాన్ని బర్రె వట్టిపోయిన కాలంలో డాక్టరు సలహాతో వాడటం మంచిది.

మాంసం విషయంలో గడువు ఇంకా ఎక్కువ, మందును బట్టి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా. బక్రీద్‌కు పెంచుకునే జానవర్‌కు పండుగ ముందు వారంలో మందు తాగించడం సరికాదు. మందు ఇవ్వాలంటే రెండు నెలల ముందే ఇవ్వాలి.

గడ్డి, పెండ, నీళ్లు

మందు బర్రెను మాత్రమే బాగుచేస్తుంది. గడ్డిని బాగుచేయాల్సింది మనుషులే. పెద్ద ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి.

గడ్డి కోసేటప్పుడు నీటి మట్టానికి జానెడు పైన కోయాలి. బుడిపెలు ఎక్కువగా ఉండేది నీటి అంచున, దాని కింద. మోపు కొనేవాళ్లు కూడా కింది కాడలకు బురద అంటుకుని ఉందేమో చూసి, ఆ భాగం నరికి పక్కన పెట్టాలి. ఎండ ఉన్న రోజుల్లో గడ్డిని పలచగా పరిచి రెండు మూడు రోజులు బాగా వాడ్చి వేస్తే చాలా బుడిపెలు చస్తాయి. పచ్చి వరిగడ్డి కింది కాడలకూ ఇదే జాగ్రత్త. బాగా ఎండిన గడ్డితో ప్రమాదం తక్కువ. వానాకాలం ఆ రెండు మూడు నెలలు చెరువు గడ్డి బదులు చొప్ప, ఎండుగడ్డి, దాణా మీద నడపగలిగితే సగం జబ్బు అక్కడే ఆగుతుంది.

పెండను నాలాలోకి కడగకముందు పారతో ఎత్తి కుప్ప వేయాలి. కుప్ప లోపల పుట్టే వేడికి గుడ్లు చస్తాయి. పైగా ఎరువుకు కుండీల మొక్కలవాళ్లు, నర్సరీలవాళ్లు డబ్బిస్తారు. స్థలం లేనివాళ్లు నలుగురు కలిసి ఒక గుంట పెట్టుకోవచ్చు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయొద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించారు. పదిమంది వాడుకునే నీటిని పాడుచేయకూడదన్న ఆ బోధ తబేలా పెండకూ వర్తిస్తుందని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

తాగునీరు తొట్టిలో పెట్టాలి. తొట్టి చుట్టూ నీళ్లు కారి బురద కాకుండా చూడాలి. బర్రెకు ఒళ్లు చల్లబడాలి నిజమే, కానీ చెరువులో దించితే అది అక్కడే పెండ వేస్తుంది, అక్కడి గడ్డే కొరుకుతుంది. పైపుతో తడపడం మేలు. నత్తలు చావాలని మైలుతుత్తం చెరువులో కలపడం లాంటి పనులు అస్సలు చేయొద్దు, చేపలు చస్తాయి. బాతులు నత్తలను తింటాయి. సొంత కుంట ఉన్నచోట అది మంచి ఉపాయం.

కలేజీలో పురుగులు కనిపిస్తే

ఈ కొన్నేళ్లుగా బక్రీద్ ఎండాకాలం చివర వస్తోంది. 2025లో జూన్ 7న వచ్చింది. అంటే కిందటి వానాకాలం, చలికాలంలో సోకిన జలగలు అప్పటికి బాగా పెద్దవై పిత్తనాళాల్లో ఉంటాయి. కార్జం కోస్తే నాళాలు దళసరిగా, తెల్లగా గొట్టాల్లా కనిపిస్తాయి. నొక్కితే గోధుమరంగు చిక్కటి ద్రవంతో పాటు ఆకుల్లాంటి జలగలు వస్తాయి. కత్తి తగిలితే కొన్నిసార్లు ఇసుక మీద గీసినట్టు కరకరలాడుతుంది.

అలాంటి కార్జాన్ని తినకుండా తీసేయాలి, పేదలకు పంచే వాటాలోనూ కలపకూడదు. జానవర్ ఆరోగ్యంగా ఉండి, మిగతా మాంసం మామూలుగా ఉంటే దాన్ని పారేయాల్సిన పనిలేదు. జలగలు కండలో ఉండవు. తీసేసిన కార్జాన్ని, పేగుల్లోని పెండను నాలాలో వేయొద్దు, కుక్కలకూ వేయొద్దు. లోతుగా పూడ్చాలి. కార్జంలో నీటి బుడగల్లాంటి సంచులు కనిపిస్తే అది ఇంకో జబ్బు. అది కుక్కల ద్వారా మనుషులకు చేరుతుంది కాబట్టి ఇంకా జాగ్రత్త.

కొనేటప్పుడే చూసుకోవడం అన్నింటికంటే మేలు. స్పష్టంగా జబ్బుపడినది, కుంటుతున్నది, ఒక కన్ను పోయినది, ఎముకలు తేలేలా చిక్కినది కుర్బానీకి పనికిరాదని హదీసుల్లో ఉంది. కంటి రెప్ప లోపలి రంగు, దవడ కింద వాపు, తోక దగ్గర పారిన మరకలు చూస్తే జలగల జబ్బు ముదిరిన జానవర్‌ను చాలావరకు పట్టుకోవచ్చు. కుర్బానీ చెల్లుబాటు గురించిన మసాయిల్ మాత్రం ఆలిమ్‌లనే అడగాలి.

మనుషులకు సోకుతుందా?

సోకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 70కి పైగా దేశాల్లో కనీసం 24 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. అయితే అది వండిన కలేజీ వల్ల రాదు. పశువుకు వచ్చిన దారిలోనే మనిషికీ వస్తుంది. నీటి అంచున పెరిగిన ఆకులను పచ్చిగా తినడం, చెరువు నీళ్లు కాచకుండా తాగడం ప్రమాదం. మురుగునీటి ఒడ్డున పెరిగిన పుదీనా, కొత్తిమీర, నీటిలో పెరిగే తూటికూర లాంటివి వండుకుని తినడమే క్షేమం. గడ్డి కోయడానికి నీళ్లలో దిగేవాళ్లకు కాళ్లు దురద పెట్టడానికి ఉన్న కారణాల్లో పశువుల రక్తపు జలగ పిల్లలు చర్మంలో గుచ్చుకోవడం ఒకటి. రబ్బరు బూట్లు వేసుకుంటే తగ్గుతుంది. మనుషుల వైద్యానికి మనుషుల డాక్టరే కావాలి. పశువుల సీసా ఇంట్లో ఉంది కదా అని తాగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పశువైద్య సహాయానికి 1962 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలలో పెండ పరీక్షకు అడగొచ్చు. వానలు రాకముందే ఒక డబ్బాలో పెండ, ఒక కాగితం మీద బర్రెల బరువులు, మేత ఎక్కడి నుంచి వస్తోందన్న సమాచారం పట్టుకుని వెళితే డాక్టరుకు సగం పని సులువవుతుంది. నోరులేని జీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని దైవప్రవక్త (స) చెప్పారు. బర్రె తన కార్జంలో ఏముందో చెప్పుకోలేదు. దాని పెండ చెబుతుంది, చూపించడమే మన పని.